రీల్ హ్యాండిల్ వెనక్కి జారుతోందా? నూనె డబ్బా పక్కన పెట్టండి

చేప లాగింది. మీరు రాడ్ ఎగరేసి హుక్ గుచ్చబోయారు. అదే క్షణంలో హ్యాండిల్ గిర్రున వెనక్కి తిరిగి వేళ్ల కణుపుల మీద కొట్టింది, లైన్ వదులైంది, చేప పోయింది. ఆ తర్వాత ఎన్నిసార్లు లాగి చూసినా రీల్ బుద్ధిగా ఆగుతుంది. ఈ జబ్బు ఇలాగే మొదలవుతుంది. ఒకసారి పడుతుంది, ఒకసారి జారుతుంది.

ఇలాంటి రీల్‌ని ఇంటికి తెచ్చాక ఎక్కువమంది చేసేది సందు కనిపించిన చోటల్లా నూనె చుక్కలు వేయడం. మామూలు బాల్ బేరింగులకి నూనె, గేర్లకి గ్రీజు మంచిదే. కానీ హ్యాండిల్‌ని వెనక్కి తిరగనివ్వకుండా ఆపే భాగానికి అసలు జబ్బే నూనె, గ్రీజు ఎక్కువవడం. జారే రీళ్లలో చాలావాటికి కొత్త పార్టు అక్కర్లేదు. విప్పి, కడిగి, దాదాపు పొడిగా బిగిస్తే చాలు. నిదానంగా చేసుకుంటే ఒక మధ్యాహ్నం పని.

ఆ భాగం పేరు యాంటీ రివర్స్ బేరింగ్. వన్‌వే క్లచ్ అని కూడా అంటారు. స్పిన్నింగ్ రీల్‌లో, అంటే రాడ్ కింద వేలాడే రకంలో, ఇది రోటర్ (లైన్ చుట్టుకునే స్పూల్ చుట్టూ తిరిగే భాగం) కింద, పినియన్ గేర్ (రోటర్‌ని తిప్పే చిన్న గేరు) చుట్టూ ఉంటుంది. మధ్యలో నున్నటి స్టీలు స్లీవ్, బయట ఒక రింగు, రెండింటి మధ్య సన్నటి పొడవాటి రోలర్లు. రింగు లోపలి గోడ పూర్తి గుండ్రం కాదు. ఒక్కో రోలర్‌కి ఒక్కో గూడు, ఆ గూడు ఒకవైపు వెడల్పు, రెండోవైపు ఇరుకు. వెంట్రుకంత స్ప్రింగులు రోలర్లని ఎప్పుడూ ఇరుకు వైపుకే నెడుతుంటాయి. ముందుకి తిప్పితే స్లీవ్ వాటిని వెడల్పు వైపుకి తోస్తుంది, రీల్ హాయిగా తిరుగుతుంది. వెనక్కి తిరగబోతే రోలర్లు ఇరుకులోకి దూరి బిగుసుకుంటాయి. ఘాట్ రోడ్డు ఎత్తులో ఆగిన లారీ టైరు వెనక రాయి పెడతారు చూడండి, అదే లెక్క. లారీ ఎంత వెనక్కి ఒరిగితే రాయి అంత గట్టిగా పడుతుంది.

ఆ స్ప్రింగుల బలం చాలా తక్కువ. గూట్లో చిక్కటి గ్రీజు చేరితే రోలర్ సమయానికి కదలదు. పల్చటి నూనైనా సరే, ఎక్కువైతే రోలర్‌కి స్లీవ్ మీద పట్టు దొరకదు. ఇక ఉప్పు, తుప్పు, ఇసుక రేణువు, విరిగిన స్ప్రింగు, గీతలు పడ్డ స్లీవ్ లాంటి కారణాలు ఆ తర్వాత వస్తాయి.

ఎప్పుడో ఒకసారే జారుతోంది కదా అని వదిలేయకండి. జారిన రోలర్ కొంతదూరం పోయాక ఒక్కసారిగా పట్టుకుంటుంది. ఆ దెబ్బ స్లీవ్ మీద గీతలు పెడుతుంది, రోలర్లని పట్టి ఉంచే ప్లాస్టిక్ పంజరాన్ని పగలగొడుతుంది. కడిగితే పోయేది కాస్తా కొత్త పార్టు కొనేదాకా వస్తుంది.

ముందు అది క్లచ్చేనా అని తేల్చుకోండి

స్క్రూడ్రైవర్ తీసేముందు రీల్ కింద లివర్ ఉందేమో చూడండి. చాలా పాత మోడళ్లకి, కొన్ని కొత్తవాటికి యాంటీ రివర్స్‌ని ఆపేసే చిన్న లివర్ ఉంటుంది. సంచిలో రాసుకుని అది సగంలో నిలిచినా హ్యాండిల్ వెనక్కి తిరుగుతుంది. నవ్వు తెప్పించే కారణమే గానీ, మొదట చూడాల్సింది ఇదే.

తర్వాత డ్రాగ్, అంటే చేప గట్టిగా లాగితే స్పూల్‌ని తిరగనిచ్చి లైన్ వదిలే బ్రేకు, పూర్తిగా బిగించండి. లైన్ చివర కిటికీ ఊచకో గేటుకో కట్టి, రాడ్‌ని లైన్‌కి సూటిగా పట్టుకుని వెనక్కి గుంజండి. రాడ్ నిలువుగా ఎత్తి గుంజితే కొస విరుగుతుంది, జాగ్రత్త. గుంజేటప్పుడు ఏది కదిలిందో చూడాలి. స్పూల్ తిరిగి, రోటర్ కదలకపోతే అది డ్రాగ్ సమస్య, డ్రాగ్ వాషర్లు చూసుకోవాలి. స్పూల్ కూడా కదలకుండా లైన్ మాత్రం వస్తుంటే, బ్రెయిడ్ (అల్లిన లైన్) చుట్ట మొత్తం నున్నటి స్పూల్ మీద గుండ్రంగా జారుతోందన్నమాట. బ్రెయిడ్ కింద కాస్త మోనో లైన్ (ఒంటిపోగు నైలాన్ లైన్) గానీ, ఒక చుట్టు టేపు గానీ లేకుండా చుట్టినవారికి ఇది మామూలే. దీన్ని క్లచ్ అనుకుని రీల్ మొత్తం విప్పేసినవాళ్లు ఉన్నారు. రోటర్, హ్యాండిల్ రెండూ వెనక్కి తిరిగితేనే మన జబ్బు.

హ్యాండిల్ రవ్వంత వెనక్కి ఆడి, రోటర్ మాత్రం స్థిరంగా ఉంటే భయపడకండి. అది గేరు పళ్ల మధ్య ఉండే సహజమైన ఖాళీ, లేదా మడత హ్యాండిల్ స్క్రూ వదులు. రోటరే అటూ ఇటూ ఊగుతుంటే రోటర్ నట్టు వదులైందేమో చూడండి.

ఇప్పుడు బెయిల్ (లైన్‌ని స్పూల్ మీదికి నడిపే వంపు తీగ) మూసి, రోటర్‌ని చేత్తో పట్టుకుని వెనక్కి నెట్టండి. కొద్దికొద్దిగా ముందుకి తిప్పుతూ చుట్టంతా ఇలాగే పరీక్షించండి. ఒకసారి మెల్లగా నెట్టాలి, ఒకసారి హఠాత్తుగా. ప్రతి చుట్టులో ఒకేచోట జారితే స్లీవ్ మీద అరుగుదల అనుకోవచ్చు. ఎక్కడపడితే అక్కడ జారితే గ్రీజు లేదా స్ప్రింగు. మెల్లగా నెడితే జారి, జోరుగా గుంజితే పడుతుంటే కూడా రోలర్లు జిగురుగా ఉన్నాయనే అర్థం.

ఫ్రిజ్ పరీక్ష ఇంకా బాగుంటుంది. రీల్‌ని గాలి చొరని ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఫ్రిజ్‌లో గంటసేపు ఉంచండి. ఫ్రీజర్ వద్దు. బయటికి తీయగానే కవర్ మీద నుంచే రోటర్ నెట్టి చూడండి. చల్లగా ఉన్నప్పుడు జారి, గది వేడికి వచ్చాక పడుతుంటే దాదాపు ఖాయంగా గ్రీజే కారణం. డిసెంబరు తెల్లవారుజామున నాగార్జునసాగర్ దగ్గర జారి, ఎండెక్కాక బాగైపోయే రీళ్లది ఇదే కథ. న్యూజెర్సీ తీరంలో నవంబరు, డిసెంబరుల్లో స్ట్రైప్డ్ బాస్ చేపకి వెళ్లే మనవాళ్లకి ఇంకా ఎక్కువగా ఎదురవుతుంది. రీల్ పూర్తిగా గది వేడికి వచ్చేదాకా కవర్ తెరవకండి, లోపల చెమ్మ పడుతుంది.

కొన్ని గట్టి రీళ్లలో క్లచ్‌కి తోడు పాతకాలపు పంటిచక్రం, దాన్ని ఆపే నాలుక కూడా ఉంటాయి. హ్యాండిల్ కొంచెం వెనక్కి జారి టక్కుమని ఆగిందంటే క్లచ్ వదిలేసింది, నాలుక కాపాడింది అని తెలుసుకోండి. అచ్చంగా నాలుక, పంటిచక్రం మాత్రమే ఉన్న రీలైతే ఈ వ్యాసంలో సగం మీకు అక్కర్లేదు. నాలుక స్ప్రింగు వంగిందా, గ్రీజులో అతుక్కుపోయిందా చూసి తుడిస్తే సరి.

కావాల్సిన సరుకు

సరిపోయే స్క్రూడ్రైవర్లు, రోటర్ నట్టుకి పట్టే సాకెట్ లేదా రింగు స్పానర్, ట్వీజర్, ఇయర్ బడ్స్, పోగులు రాలని గుడ్డ, అంచున్న తెల్ల ట్రే. కటింగ్ ప్లయర్‌తో రోటర్ నట్టు విప్పకండి, మూలలు గుండ్రమైపోతాయి.

కడగడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ లేదా లైటర్లలో పోసే ద్రవం. ఆల్కహాల్‌ని ఐపీఏ అని అడిగితే ఇస్తారు. మొబైల్ రిపేరు చేసేవాళ్లు బోర్డులు కడిగేది దీంతోనే, కాబట్టి ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది. హైదరాబాద్‌లో ఉంటే కోఠి గుజరాతీ గల్లీలో చూడండి. రెండూ ఇట్టే అంటుకుంటాయి. కిటికీలు తీసి, దగ్గర్లో పొయ్యి గానీ అగరుబత్తి గానీ లేకుండా చూసుకోండి.

ఇంట్లో ఉన్నవాటితో సరిపెట్టుకోవాలని ఉంటుంది, అందుకే వద్దన్నవీ చెబుతున్నా. కిరసనాయిలు జిడ్డు పొర వదిలిపెడుతుంది, మనం తీయాలనుకునేదే ఆ జిడ్డు. పెట్రోలు రబ్బరు సీళ్లని ఉబ్బిస్తుంది, మంటల ప్రమాదం సరేసరి. పెయింట్ థిన్నర్, నెయిల్ పాలిష్ రిమూవర్ ప్లాస్టిక్‌ని కరిగించగలవు. చేతుల శానిటైజర్ జెల్ ఆరాక జిగురు మిగులుస్తుంది.

విప్పడం

ప్రతి అడుగుకీ ఫోన్‌తో ఫొటో తీయండి. రీల్ పెట్టెలో వచ్చే భాగాల బొమ్మ పారేయకుండా ఉంచితే ఇప్పుడు పనికొస్తుంది. తీసినవాటిని తీసిన వరుసలోనే ఎడమ నుంచి కుడికి ట్రేలో పేర్చండి.

డ్రాగ్ నాబ్ విప్పి స్పూల్ తీయండి. మెయిన్ షాఫ్ట్ మీద పల్చటి వాషర్లు ఉంటాయి, కొన్నిసార్లు అవి స్పూల్ అడుగున అంటుకుని వస్తాయి. లెక్కపెట్టి పక్కన పెట్టండి. ఇప్పుడు రోటర్ మధ్యలో నట్టు, అది తిరగకుండా ఆపే చిన్న పలక, దానికో స్క్రూ కనిపిస్తాయి. స్క్రూ, పలక తీసి నట్టు విప్పాలి. ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. కొన్ని మోడళ్లలో ఈ నట్టుకి మర ఎదురు దిశలో ఉంటుంది. కాస్త బలానికి రాకపోతే రెండోవైపు ప్రయత్నించండి, మొండిగా తిప్పి మర చెడగొట్టకండి.

రోటర్‌ని నిటారుగా పైకి లాగితే వచ్చేస్తుంది. దాని కింద కవర్, కొన్నింటికి రబ్బరు సీలు. కవర్ స్క్రూలు తీశాక క్లచ్ కనిపిస్తుంది. అప్పుడే బయటికి లాగొద్దు. మార్కర్ పెన్నుతో క్లచ్ పైముఖం మీద ఒక చుక్క, క్లచ్ రింగు నుంచి రీల్ బాడీ మీదికి సాగేలా ఒక సన్న గీత పెట్టండి. చుక్క ఏ ముఖం పైకో చెబుతుంది. గీత ఎందుకో చివర్లో చెబుతా.

స్లీవ్ ముందు వస్తుంది. ముందుకి తిరిగే దిశలో మెల్లగా తిప్పుతూ పైకి లాగండి. కొన్ని క్లచ్‌లలో స్లీవ్ తీయగానే రోలర్లు లోపలికి రాలిపోతాయి, కాబట్టి ట్రే మీదే తీయాలి. రోలర్లు పంజరంలో గట్టిగా కూర్చుని ఉంటే వాటిని ఒక్కొక్కటీ పీకే పని పెట్టుకోకండి. యూనిట్ మొత్తం అలాగే కడగొచ్చు. ఆ స్ప్రింగు ఒక్కటి ఎగిరి నేల మీద పడిందా, ఇక దొరకదు.

బెయిట్‌కాస్టర్ (రాడ్ పైన కూర్చుని, స్పూలే తిరిగే రీల్) అయితే దారి వేరు. అక్కడ క్లచ్ హ్యాండిల్ వైపు సైడ్ ప్లేట్‌లో ఉంటుంది. హ్యాండిల్ నట్టు, హ్యాండిల్, స్టార్ డ్రాగ్ (డ్రాగ్ బిగించే నక్షత్రం ఆకారపు చక్రం), వంపు వాషర్లు తీయాలి. వంపు వాషర్లు ఏ వైపు వంగి ఉన్నాయో ఫొటోలో స్పష్టంగా పడాలి. తర్వాత క్లచ్ లోపలి గొట్టం లాగి సైడ్ ప్లేట్ విప్పాలి. కొరమీనుకి ఫ్రాగ్ (కప్ప ఆకారపు కృత్రిమ ఎర) వేసేవాళ్లు డ్రాగ్ పూర్తిగా బిగించి, బలమంతా పెట్టి హుక్ సెట్ చేస్తారు కాబట్టి ఈ క్లచ్‌లు పడే దెబ్బలు ఎక్కువ. వారు ఏటా ఒకసారైనా విప్పి చూసుకోవడం మంచిది.

కడగడం, చూడడం

చిన్న గాజు గిన్నెలో క్లచ్ మునిగేంత ద్రవం పోసి పది నిమిషాలు నాననివ్వండి. అప్పుడప్పుడూ గిన్నెని ఆడించండి. ద్రవం రంగు మారితే పారబోసి కొత్తది పోయండి. రంగు మారడం ఆగేదాకా ఇంతే. గూళ్లలోకి ఇయర్ బడ్ తోసి రుద్దితే దూది పోగులు రోలర్ల సందులో చిక్కుతాయి, ఆ పని వద్దు. గాలి ఎక్కువ ఒత్తిడితో కొడితే స్ప్రింగులే ఎగిరిపోతాయి. గుడ్డ మీద బోర్లించి దానంతట అదే ఆరనివ్వండి.

ఆరేలోపు స్లీవ్ చూద్దాం. తుడిచి, వెలుతురు కింద తిప్పండి. బూడిదరంగు మచ్చలాంటి మెరుపు ఉన్నా పర్వాలేదు. గోరుతో అడ్డంగా గీస్తే గోరు తట్టుకుందంటే అది గాడి. పైపైన తుప్పు మాత్రమే ఉంటే బ్రాసో లాంటి పాలిష్‌తో మెత్తగా రుద్ది, మళ్లీ ఐపీఏతో కడగండి. ఎమరీ కాగితం ముట్టుకోవద్దు. స్లీవ్ వెంట్రుకవాసి సన్నబడినా రోలర్లు బిగియాల్సిన చోట బిగియవు. గుంటలు పడ్డ స్లీవ్‌ని బాగుచేయలేం, మార్చాలి.

తర్వాత భూతద్దంతోనో ఫోన్ కెమెరా జూమ్‌తోనో క్లచ్ లోపల చూడండి. ట్వీజర్ కొసతో ప్రతి రోలర్‌నీ వెడల్పు వైపుకి నెట్టి వదిలితే అది టక్కున వెనక్కి రావాలి. సోమరిగా వచ్చేది ఇంకా మురికిగా ఉందని, అసలు రానిది స్ప్రింగు పోయిందని గుర్తు. రెండు మూడు రోలర్లు పనిచేయకపోయినా మిగతావి లాక్కొస్తుంటాయి, ఒకసారి పట్టి ఒకసారి జారడానికి అసలు కారణం ఇదే.

నూనె ఎంత?

ఒక గుడ్డ మూల మీద కుట్టు మిషన్ నూనె ఒక్క చుక్క వేయండి. ఆ గుడ్డతో స్లీవ్ తుడవండి. మళ్లీ పొడి గుడ్డతో తుడవండి. స్లీవ్ మీద మిగిలిందే మీ నూనె. క్లచ్ లోపల ఇంకేమీ వేయొద్దు. పూర్తిగా పొడిగా వదిలేయొచ్చుగా అంటే, మంచినీటి రీల్‌కి పర్వాలేదు గానీ, భీమిలి, రుషికొండ తీరాల్లో ఉప్పుగాలికి తిరిగే రీల్‌లో స్టీలు రోలర్లు త్వరగా తుప్పు పడతాయి. ఆ పల్చటి పొర తుప్పు పట్టకుండా ఉండడానికే. కొబ్బరినూనె ఎప్పుడూ వాడకండి, 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. టెఫ్లాన్, మాలిబ్డినం కలిపిన నూనెలు ఘర్షణ తగ్గించడానికే చేసినవి, ఇక్కడ మనకు ఘర్షణే కావాలి.

గ్రీజు చోటు వేరే ఉంది. క్లచ్ రింగు బయటి గోడకి, బాడీలో అది కూర్చునే గూటికి పల్చగా పూస్తే తుప్పు పట్టి ఇరుక్కుపోదు. కింద పినియన్ బేరింగ్ దగ్గర గ్రీజు ముద్దగా ఉంటే ఇప్పుడే తుడిచేయండి. మే నెల ఎండలో కారు డిక్కీలో పెట్టిన రీల్‌లో ఆ గ్రీజు కరిగి క్లచ్‌లోకి పాకుతుంది.

బిగించడం

క్లచ్‌ని మార్కర్ చుక్క పైకి ఉండేలా పెట్టండి. తలకిందులుగా పెడితే రీల్ వెనక్కి మాత్రమే తిరుగుతుంది, తెలియడం కష్టం కాదు గానీ మళ్లీ అంతా విప్పాలి. స్లీవ్‌ని నేరుగా గుచ్చితే రోలర్లు పక్కకి తప్పుకుంటాయి. ముందుకి తిరిగే దిశలో తిప్పుతూ దించండి, దానంతట అదే జారి కూర్చుంటుంది. స్లీవ్ లోపలి చదునైన అంచులు పినియన్ చదునుకి సరిపోవాలి. కవర్ స్క్రూలని ఒక్కోటీ కొంచెం కొంచెంగా, మార్చి మార్చి బిగించండి, ఒకేసారి ఒకటే బిగిస్తే కవర్ వంకరపోయి క్లచ్‌ని నొక్కుతుంది.

రోటర్ పెట్టాక, స్పూల్ పెట్టకముందే ఒకసారి చేత్తో వెనక్కి నెట్టి చూడండి. ఇప్పుడే పట్టకపోతే అంతా బిగించి లాభం లేదు. పట్టితే వాషర్లతో సహా మిగతావి పెట్టండి. హ్యాండిల్ తిప్పితే మునుపు లేని సన్నటి గరగర వినిపించవచ్చు. క్లచ్ పొడిగా ఉందన్నమాట, చేపలు వినవు.

చివరి పరీక్షకి సామాన్లు తూచే వేలాడే డిజిటల్ త్రాసు పనికొస్తుంది. లైన్ దానికి కట్టి, రాడ్ సూటిగా పెట్టి, మీరు మామూలుగా వాడే డ్రాగ్ బరువు దాకా మెల్లగా లాగండి, తర్వాత గుంజండి. ఫ్రిజ్ పరీక్ష మళ్లీ చేస్తే ఇంకా నమ్మకం.

నీళ్ల దగ్గర జారితే

గట్టు మీద విప్పొద్దు. డ్రాగ్ కొంచెం వదులు చేసి, హుక్ గుచ్చేటప్పుడు హ్యాండిల్ నాబ్‌ని గట్టిగా పట్టుకోండి. పండుగప్ప లాంటిది పరుగెత్తితే రోటర్‌ని అరచేత్తో అదిమి ఆపొచ్చు. చలి రోజైతే రీల్‌ని కాసేపు ఎండలో ఉంచండి. సముద్రం నుంచి వచ్చాక డ్రాగ్ బిగించి పైపైన మంచినీళ్లు చల్లి తుడవండి. బకెట్‌లో ముంచడం, పైపుతో జోరుగా కొట్టడం రెండూ ఉప్పుని లోపలికి తోస్తాయి.

కడిగినా జారితే

స్ప్రింగులు, స్లీవ్ పోయాయని తేలితే రెండింటినీ కలిపే మార్చండి. అరిగిన స్లీవ్ మీద కొత్త క్లచ్ పెడితే డబ్బు దండగ. రీల్ పాదం మీదో బాడీ మీదో ఉన్న మోడల్ కోడ్ చెప్పి కంపెనీ సర్వీస్ సెంటర్లో అడగండి. హెచ్‌ఎఫ్ అని మొదలయ్యే నంబర్లతో వన్‌వే రోలర్ బేరింగులు బేరింగ్ షాపుల్లో కూడా ఉంటాయి. కొన్ని బెయిట్‌కాస్టర్లకి అలాంటివి సరిపోతాయి, లోపలి, బయటి కొలతలు, ఎత్తు వెర్నియర్‌తో చూసుకుని వెళ్లాలి. స్పిన్నింగ్ రీల్ క్లచ్‌లకి చాలావరకు సొంత ఆకారం ఉంటుంది కాబట్టి ఆశ పెట్టుకోకండి.

అన్నీ కొత్తవి వేసినా జారుతుంటే ఇంక ఆ మార్కర్ గీత సంగతి. గ్రీజు తుడిచి, గీత మళ్లీ స్పష్టంగా గీసి, బిగించి, నాలుగైదుసార్లు గట్టిగా గుంజి, మళ్లీ విప్పి చూడండి. క్లచ్ మీది ముక్క, బాడీ మీది ముక్క పక్కకి జరిగి ఉంటే, రోలర్లు తమ పని చేస్తున్నాయి, రింగు మొత్తమే బాడీలో తిరుగుతోంది. రింగుని పట్టుకునే చెవులు అరిగిపోయాయన్నమాట, ప్లాస్టిక్ బాడీల్లో ఇది జరుగుతుంది. కొందరు ఎపాక్సీతో అతికిస్తారు. పది రోజులు ఆగుతుంది, పెద్ద చేపకి ఊడుతుంది, పైగా తర్వాత క్లచ్ తీసే దారి ఉండదు. బాడీ దొరికితే మార్చండి, లేకపోతే స్పూల్, హ్యాండిల్, లైన్ రోలర్, బెయిల్ స్ప్రింగు విప్పి ఒక డబ్బాలో పడేయండి. అదే మోడల్ ఇంకొకటి మీ దగ్గరో మీ స్నేహితుల దగ్గరో ఉంటే అవే ముందు కావాల్సివస్తాయి.